ఊళ్ళు మింగిన చేప

రాజోలు,
12 జూన్ 1989.

చెల్లెలు సుగుణకు, అక్క రాహేలు వందనాలు.

ఒసేయ్, నువ్వు పంపిన కంప్యూటరుకి ఎంత వైభోగం పట్టిందనుకున్నావ్! మా టైపు ఇన్‌స్టిట్యూట్ గుమ్మం ముందు పొద్దుట్నుంచీ చెప్పులే చెప్పులు. టైపు నేర్చుకునే పిల్లలవి కావు. చేపని చూడ్డానికి వచ్చినవాళ్ళవి.

చేపేంటంటావా? గల్ఫు నుంచి సెలవుకి వచ్చిన ఒక పెద్దమనిషి నా మీద అభిమానంతో ఒక ఫ్లాపీ తెచ్చి ఇచ్చేరు. అది వేస్తే తెర నిండా ఆకుపచ్చగా నీళ్ళు కదుల్తాయి. అడుగున నాచు ఊగుతుంది. ఎడమవైపు నుంచి ఒక చేప మెల్లగా వచ్చి, మధ్యలో ఆగి, మనవంక చూస్తుంది. నిజంగా చూస్తుందే! ఒక్కోసారి ఊరికే ఈదుకుంటూ పోతుంది. ఒక్కోసారి నోరు బార్లా తెరిచి దేన్నో మింగుతుంది. మింగినప్పుడల్లా కాస్త ఒళ్ళు చేస్తుంది. మొదట్లో చందువా పిల్లంత ఉండేది, ఇప్పుడు తెరలో సగం ఉంది.

పక్కింటి లోవమ్మగారు చూసి, "పులసేనమ్మా. సముద్రం దాటొచ్చింది కదా, మన నీళ్ళు పడ్డాయి దానికి" అన్నారు. గడప తొక్కినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా ఎలా పంపమో, చేపని చూపించకుండానూ పంపలేకపోతున్నాను.

అలాగని అసలు పని మానేశాననుకోకు. నీ తోడబుట్టిన అక్క, నా నేస్తం ఎస్తేరు కాన్పులో రక్తం అందక నా చేతుల్లోనే పోయిన రోజు నీకూ నాకూ మరపు రాదు. ఆ గ్రూపు రక్తం ఉన్న మనిషి పక్కవీధిలోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఎస్తేరు పేరు చెప్పి నువ్వు ఈ మిషను పంపింది అందుకే కదా. ఊరికో ఫైలు చొప్పున ఎవరిది ఏ గ్రూపో ఎక్కించాను. ఎవరు పడవ దిగి పరుగెత్తుకొచ్చినా పేర్లు టకటకా అచ్చు వేసి ఇస్తున్నాను.

మా ఆడపడుచు సుందరికి వచ్చే నెల దాటగానే నెలలు నిండుతాయి. దానిది ఓ నెగెటివ్. దొరకడం కష్టం, మనుషుల్ని సిద్ధంగా ఉంచుకోండని అమలాపురం డాక్టరమ్మగారు గట్టిగా చెప్పేరు. మిషనుందిగా, నాకు బెంగ లేదు.

అన్నట్టు, నగరం ఊరి ఫైలు కనపడ్డం లేదే. నేనే ఏదో మీట నొక్కేసుంటాను.

నీ అక్క,
రాహేలు


హైదరాబాదు,
20 జూన్ 1989.

అక్కా, వందనాలు.

నీ పులసని చూడలేకపోయినందుకు కుళ్ళుకుంటున్నాను. మా ఆఫీసులో గదినిండా కంప్యూటర్లున్నాయి, ఒక్కదాంట్లోనూ ఈగ కూడా వాలదు.

కానీ ఒక మాట. మీట నొక్కితే ఫైలు పోదు. చెరపమని చెప్పాలి, దానికి ఆ ఫైలు పేరు కూడా చెప్పాలి. నువ్వు అంత పని చేసి మరిచిపోయే మనిషివి కావు. అందుకని నా కోసం ఒక పని చెయ్యి. ముందు ఫైళ్ళ పేర్లన్నీ తెర మీదికి తెప్పించి కాయితం మీద రాసుకో. తర్వాత చేపని ఆడించు. అది నోరు తెరిచి మింగాక, మళ్ళీ పేర్లు తెప్పించి చూడు. ఏం తేడా కనపడిందో రాయి.

ఏమీ లేకపోతే నన్ను నాలుగు తిట్టు, పడతాను.

సుగుణ


రాజోలు,
29 జూన్ 1989.

సుగుణా,

ఏం రాయనే?

నువ్వు చెప్పినట్టే పేర్లు తెప్పించాను. నగరం ఒక్కటే కాదు, సగం ఊళ్ళు లేవు! అప్పనపల్లి లేదు. మామిడికుదురు లేదు. సఖినేటిపల్లి లేదు. ఉన్నవి రాసుకుని, ప్రార్థన చేసుకుని, చేపని వదిలాను. వచ్చింది. నావంక చూసింది. నోరు తెరిచింది, మింగింది. మళ్ళీ పేర్లు తెప్పిస్తే మురమళ్ళ లేదు.

ఊరు ఊరంతా, సుగుణా! ఎండలో గొడుగేసుకుని, ఇల్లిల్లూ తిరిగి, మనుషుల వేళ్ళ మీద సూది గుచ్చించి తెచ్చిన పేర్లు. నా కళ్ళముందే ఆ చేప వాటిని తిని బలిసింది. వచ్చినవాళ్ళందరికీ మురిసిపోతూ చూపించింది నేనే. "చూడండి, ఎంత లావైందో!" అని వాళ్ళ ఊరి మనుషుల్నే దానికి మేతగా వేశాను.

భయమేస్తోంది. దానికంటే ఎక్కువగా ఆశ్చర్యమేస్తోంది. మన మొహం ఎరగనివాడెవడో, ఏ దేశంలోనో కూర్చుని, ఇంత అందమైన దాన్ని చేసి, దాని కడుపులో ఇంత ఆకలి పెట్టాడు. ఎందుకు? మనం వాడికేం చేశామే?

పేర్లు రాసిన పాత చీటీలు మిషనులోకి ఎక్కాయి కదా అని అటక మీద పడేస్తే చెదలు తినేశాయి. ఓ నెగెటివ్ వాళ్ళెవరో నాకు గుర్తులేదు. మిషనుందని బుర్రలో పెట్టుకోలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సుందరి నా ఎదురుగానే కూర్చుని చిన్న చొక్కాకి కాజాలు కుడుతోంది.

రాహేలు


హైదరాబాదు,
6 జూలై 1989.

అక్కా,

ఈ ఉత్తరం చేతికందగానే మిషను ఆపెయ్. ప్లగ్గు పీకెయ్. మళ్ళీ నేను చెప్పేదాకా దాన్ని ముట్టుకోవద్దు, ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు. బావగారినైనా సరే.

నీకొచ్చినదాన్ని ట్రోజన్ అంటారు. మా ఆఫీసులో పెద్దాయన చెబితే ఈమధ్యే విన్నాను, కళ్ళతో చూసినవాళ్ళు మాలోనూ ఎవరూ లేరు. పెళ్ళివారిలో కలిసి పట్టుబట్టలు కట్టుకుని వచ్చే దొంగ ఉంటాడే, అలాంటిది. తలుపు పగలగొట్టుకుని రాదు. మనమే ఎదురెళ్ళి, పన్నీరు చల్లి, లోపలికి తీసుకెళతాం. పైకి ఆట, లోపల వేరే పని. వైరస్ అని ఇంకోటుంది, అది ఒక ఫ్లాపీ నుంచి ఇంకో ఫ్లాపీకి తనంతట తనే పాకుతుంది. దీనికి కాళ్ళు లేవు. ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి.

ఇప్పుడు కూర్చుని ఈ మాట నెమ్మదిగా చదువు. నీ ఊళ్ళు పోలేదక్కా.

మిషను ఒక ఫైలుని చెరిపేసినప్పుడు నిజంగా చెరపదు. అంత ఓపిక దానికి లేదు. బడిలో హాజరుపట్టీ అనుకో. పిల్లవాడి పేరులో మొదటి అక్షరం ఒక్కటి కొట్టేసి, "ఈ బల్ల ఖాళీ" అని రాసుకుంటుంది, అంతే. పిల్లవాడు ఆ బల్ల మీదే కూర్చుని ఉంటాడు. ఇంకొకళ్ళు వచ్చి అక్కడ కూర్చునేదాకా అలా కూర్చునే ఉంటాడు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. కనపడనంత మాత్రాన లేనట్టు కాదని, ఒక ఇనప పెట్టె నాకు నేర్పింది.

అందుకే మిషను ముట్టుకోవద్దంటున్నాను. నువ్వు ఒక్క ముక్క కొత్తగా టైపు చేసినా, అది పోయి సుందరికి రక్తమిచ్చే ఏ మనిషి బల్ల మీద కూర్చుంటుందో తెలీదు.

రెండు ప్రశ్నలు. కాపీలు తీసి దాచుకొమ్మని ఫ్లాపీలు పంపాను, అవేవి? ఆ చేపని నీకు ఎవరిచ్చారు, నువ్వు ఎవరికైనా ఇచ్చావా?

మురమళ్ళ పోయింది నేను చెప్పిన పరీక్షకే.

సుగుణ


రాజోలు,
14 జూలై 1989.

సుగుణా,

మిషను మీద దుప్పటి కప్పేశాను. వచ్చినవాళ్ళకి "లేదండీ, చేపని చూపించమండీ" అని చెప్పేను. మన ఇళ్ళల్లో వచ్చినవాళ్ళకి లేదని చెప్పడం ఎప్పుడన్నా విన్నావా? లోవమ్మగారు మూతి ముడుచుకుని వెళ్ళిపోయేరు. మీ బావగారు "రాహేలుకి గీర వచ్చిందంటున్నారే" అని నవ్వితే, అప్పుడు ఆయనకి అంతా చెప్పేశాను. ఆయన నవ్వడం మానేసేరు. సుందరికి మాత్రం చెప్పలేదు.

నీ ఫ్లాపీల సంగతి. తిట్టకుండా చదువు.

కాపీలు తీశానే. తీసి పెట్టుకున్నాను. అయితే కొబ్బరిపీచు సొసైటీ ఆఫీసు పాపారావుగారు నాకు ఒకసారి ఫ్లాపీ అరువిచ్చేరు. తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఎలా ఇస్తాను? పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నె ఏ రోజన్నా మన అమ్మలు ఖాళీగా పంపేరా? ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేవారు కదా. అందుకని చేపని వేసి ఇచ్చేను. ఆయన మహా సంబరపడ్డారు. తర్వాత గ్యాసు తవ్వే క్యాంపులో ఇంజనీరుగారి భార్య, రెడ్డిగారి టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, ఒక్కొక్కళ్ళూ అడిగేరు. కొత్త ఫ్లాపీలు లేవు. నువ్వు పంపినవే ఫార్మాట్ చేసి, ఉన్న కాపీలు తుడిచేసి, చేపని ఎక్కించి పంచేశాను.

కాళ్ళు లేవన్నావు దానికి. మన మర్యాదే దానికి కాళ్ళయ్యింది. ఎవడో దొంగతనం చెయ్యడానికి చేసిన వస్తువుని కోనసీమంతా గిన్నెలో పెట్టి, మూతేసి, పంచుకున్నాం.

ఇచ్చిన ఆయన పేరు మాత్రం అడక్కు. పెద్దాయన. ప్రేమతో మోసుకొచ్చేరు. రోజూ అటుగా వెళ్తూ సైకిలాపి, "మన చేప బావుందా అమ్మా?" అని అడిగి వెళ్తున్నారు. "బావుందండీ" అంటున్నాను. ఆ మొహం చూసి ఇంకేం చెప్పనే?

రాహేలు


హైదరాబాదు,
21 జూలై 1989.

అక్కా,

ఈ ఉత్తరంతో బాటు రిజిస్టరు పోస్టులో ఒక ఫ్లాపీ వస్తుంది. దాని అంచున ఉన్న గంటు మీద నల్ల కాయితం అంటించాను, పీకకు. అది ఉన్నంతకాలం దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు, ఆ చేప కూడా. మిషనుని దాని సొంత బుర్రతో కాకుండా ఈ ఫ్లాపీతో లేపు. దీంట్లో పోయిన ఫైళ్ళని వెతికే ప్రోగ్రాం ఉంది. మొదటి అక్షరం పోయిన పేర్లని ఒక్కొక్కటిగా చూపించి, ఆ అక్షరం ఏంటని నిన్ను అడుగుతుంది. చెప్పు. వచ్చిన ఊరిని వచ్చినట్టే వేరే ఫ్లాపీలోకి ఎక్కించుకో. ఈసారి ఆ ఫ్లాపీని నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఎవరి గిన్నెలోనూ పెట్టకు.

ఇంక ఆ పెద్దాయన సంగతి. నువ్వు ఆయన మొహం చూస్తున్నావు. నేను పాపారావుగారి మొహం చూస్తున్నాను. సొసైటీ కాగితాలన్నీ పోతే ఆఫీసువాళ్ళు ఆయన్నే కదా నిలదీస్తారు? నీ పెద్దాయన ఇంకెంతమందికి ఇచ్చేరో నీకు తెలుసా? ఎస్తేరుకి సరిపడ్డ మనిషి పక్కవీధిలో ఉన్నాడా అని అప్పుడు అడిగినవాళ్ళు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు నీకు తెలిసి కూడా చెప్పకపోతే ఎలా?

ఆయనకి చెప్పు. ఆయన ప్రేమ అంత పల్చనిది కాదులే, తట్టుకుంటుంది.

సుగుణ


రాజోలు,
2 ఆగస్టు 1989.

నా బంగారు చెల్లీ,

ముందు శుభవార్త. ఊళ్ళు వచ్చేశాయి!

ఉండు, వరసగా చెబుతాను. ఆయన పేరు సింహాద్రిగారు. నగరం ఊరాయన. నీ ఉత్తరం అందిన మర్నాడు ఆయన సైకిలాపి అడగ్గానే, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "ఆ చేప మా ఫైళ్ళు తినేసిందండీ" అన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేసేరు. "నేను తెచ్చిందేనా అమ్మా?" అన్నారు. "ఆయ్" అన్నాను. ఆయన మొహం నల్లబడిపోయింది. "అక్కడ నా గదిలోవాడు ఇచ్చేడమ్మా. రాత్రి డ్యూటీ చేసొచ్చి మేమంతా దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. మనూళ్ళో పిల్లలు చూస్తారు కదాని…" అని ఆగిపోయేరు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మాత్రం ఏడవలేదు. లేచి, పంచె ఎగ్గట్టి, సైకిలెక్కి, వానలో తడుస్తూ పాపారావుగారి దగ్గరికీ, క్యాంపుకీ, ఇచ్చిన ప్రతి గుమ్మానికీ వెళ్ళి చేపల్ని వెనక్కి తెచ్చేరు. పాపారావుగారు నా దగ్గర తీసుకున్నదాన్ని మేనల్లుడి పెళ్ళయ్యాక చూద్దామని దాచుకున్నారట, ఇంకా మిషనులో పెట్టనేలేదు! క్యాంపులో మాత్రం చాలా తినేసింది. నీ ఫ్లాపీ వాళ్ళకీ కావాలి.

తర్వాత దుప్పటి తీశాను. మీ బావగారు, సింహాద్రిగారు, అలక మానిన లోవమ్మగారు నా వెనకాల నిలబడ్డారు. నీ ఫ్లాపీతో లేపాను. చాలాసేపు గుర్రుగుర్రుమని వెతికింది. వెతికి, తెర మీద మొదటి అక్షరం లేని ఒక పేరు చూపించి, ఆగింది. అప్పనపల్లి! నేను మీట నొక్కాను. ఒక్క అక్షరమే చెల్లీ. అంతే. ఊరు లేచి నిలబడింది.

పేర్లు ఒక్కటొక్కటే పైకి వస్తున్నాయి. దానమ్మ, బి పాజిటివ్. తాతాజీ, ఏ పాజిటివ్. గొడుగేసుకుని నేను తిరిగిన వీధి వరసలోనే వస్తున్నారు. లోవమ్మగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేసేరు. మీ బావగారు కీర్తన అందుకున్నారు. నేను మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఇక్కడే ఉన్నారు. చేప కింద, దుప్పటి కింద, నా బెంగ కింద, కదలకుండా కూర్చుని ఉన్నారు. ఎవరో పిలుస్తారని.

ఆ తర్వాత మురమళ్ళ వచ్చింది. కొండలరావు, ఓ నెగెటివ్. వీరేశ్వరస్వామి కల్యాణానికి దండలు కట్టే ఆయన. మీ బావగారు ఆ క్షణాన్నే వెళ్ళి మాట్లాడి వచ్చేరు. అప్పనపల్లిలో ఇంకొకావిడ ఉంది.

నగరం మాత్రం రాలేదు. అది పోయిన తర్వాతే కదా నేను మా పిల్లల టైపు పరీక్ష పేపర్లు కొట్టాను. వాళ్ళ బల్లల మీద అవి కూర్చున్నాయి. సింహాద్రిగారు తన ఊరి పేరు కోసం తెర చివరిదాకా చూసేరు.

ఆఖర్న, నీ ప్రోగ్రాంతో ఆ చేప ఫైలు తెరిచి, దాని కడుపు కోసి చూశాను. తెర నిండా నవ్వు మొహాలు, ఆటీన్లు, ఇస్పేట్లు, అర్థం లేని గీతలు. మధ్యలో ఒకచోట ఇంగ్లీషులో ఒక వాక్యం. "నాకు మేత పెట్టినందుకు కృతజ్ఞతలు" అని. ఎవరూ చదవరని తెలిసీ రాసుకున్నాడు చూడు, దాన్ని చేసినవాడు. వాడి మీద కోపం రావలసింది, నాకు జాలేసింది. ఇంత తెలివి ఉన్నవాడు ఇంకేం చేసి ఉండేవాడే!

రాహేలు


హైదరాబాదు,
10 ఆగస్టు 1989.

అక్కా,

నీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్ళూ ఈ మిషన్లలో మనం లెక్కలే దాచాం" అన్నారు. నాకు గర్వంగా ఉంది, సిగ్గుగానూ ఉంది. ఊళ్ళు వస్తాయని నేనే చెప్పాను కానీ, వస్తాయని నీ అంత నమ్మలేదు.

ఇంకొక్క పని మిగిలింది. ఆ చేపని చెరిపెయ్. అయితే జాగ్రత్త. నీ ఊళ్ళకి వర్తించిన న్యాయమే దానికీ వర్తిస్తుంది. చెరిపితే పోదు. మొదటి అక్షరం పోయి అక్కడే కూర్చుని ఉంటుంది, ఎవరైనా మీట నొక్కితే లేచి వస్తుంది. దాని చోట ఇంకోటి రాస్తేనే నిజంగా పోయినట్టు. ఏదో ఒకటి రాయి. సున్నాలు నింపినా సరిపోతుంది.

సుందరి కబురు టెలిగ్రాం ఇవ్వండి. ఉత్తరం దాకా ఆగలేను.

సుగుణ


రాజోలు,
27 ఆగస్టు 1989.

చెల్లీ,

టెలిగ్రాంలో "ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం" అని మాత్రమే పట్టింది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

డాక్టరమ్మగారు భయపడినంతా అయ్యింది. రక్తం చాలా పోయింది. అదే వాసన, అదే పరుగులు, నాకు ఎస్తేరే కళ్ళముందు కనపడింది. కొండలరావుగారు అన్నం తింటున్నవారు చెయ్యి కడుక్కుని మోటారు సైకిలెక్కి వచ్చేసేరు. చెవిలో తులసి అలానే ఉంది. అప్పనపల్లి ఆవిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని ముందే వచ్చి కూర్చుంది. సుందరి మొహంలోకి రంగు తిరిగి రావడం చూశానే. మనం ఎస్తేరు మొహంలో చూడలేకపోయిన రంగు. వరండాలోకి వచ్చి గట్టిగా ఏడ్చేశాను. కొండలరావుగారు కంగారుపడిపోయి, "అమ్మాయిగారికి బానే ఉందటండి, ఎందుకండీ?" అని నన్ను ఓదార్చేరు. ఎందుకని చెప్పను?

పిల్లకి ఎస్తేరు అని పేరు పెడతామని సుందరే అంది. నువ్వు సరేనంటేనే.

ఇంక చేప సంగతి. చెరిపేశాను. కానీ సున్నాలు నింపడానికి నాకు మనసొప్పలేదు. అప్పటిదాకా మిషను ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పి, గొడుగు తీసుకుని సింహాద్రిగారితో నగరం వెళ్ళేను. ఆయన సెలవు అయిపోవస్తోంది. అయినా ప్రతి గుమ్మం ముందూ ఆయనే నిలబడి, "నా వల్ల మీ పేర్లు పోయాయండీ, మళ్ళీ ఇవ్వాలండీ" అని అడిగేరు. ఒక్కరూ కాదనలేదు. పోయినసారి సూదంటే భయపడి ఇంట్లో దాక్కున్నవాళ్ళు కూడా ఈసారి వేలు చాపేరు.

ఇవ్వాళ పొద్దున కూర్చుని ఆ ఊరంతా టైపు చేశాను. అయ్యాక నీ ప్రోగ్రాంతో చూశాను, ఎక్కడ పడిందోనని. సరిగ్గా చేప ఉన్న చోటే పడింది. ఆ కళ్ళు, ఆ నోరు, ఆ కృతజ్ఞతలు, ఏవీ లేవు. అక్కడ నగరం ఉంది.

పోయినసారి ఆయన గల్ఫులో ఉండి ఆ ఫైల్లోకి ఎక్కలేదు. ఈసారి మొదటి పేరు ఆయనదే. సింహాద్రి, బి పాజిటివ్.

నీ అక్క,
రాహేలు